ఇంటికంతా ఒకటే తాళంచెవి

"అమ్మాయ్, నీ తాళంచెవి ఓసారి ఇటివ్వు. చక్కెర అలమర తియ్యాలి."

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచింది. ఏదైనా అడిగేటప్పుడు ఆవిడ మనిషి మొహంలోకి చూసి అడుగుతుంది. ఇవాళ గోడ గడియారం కేసి చూస్తూ అడిగింది.

పెద్దకోడలు మెడలో దారానికి వేలాడే తాళంచెవిని పట్టుకుంది గానీ తియ్యలేదు.

"మీదేదీ అత్తయ్యా?"

"ఎక్కడో పెట్టాను. కనబడ్డం లేదు."

బల్ల దగ్గర టక్‌మంది. ఆవిడ పెద్దకొడుకు తాళాలాయన ముందున్న స్టీలు పెట్టె మూత లేచింది. ఆయన దాన్ని మళ్ళీ మూశాడు. వంచిన తీగ ముక్కతో కెలికాడు. టక్. పొద్దున్న లేచినప్పటి నుంచీ ఇదే పని. రేపు టౌన్‌హాల్లో కొత్త చట్టం మీద జనం మాట వింటారు. తుపాకీ ఉన్న ప్రతివాడూ దాన్ని విడిగా తాళం వేసి ఉంచాలనీ, కొట్టే మనిషి ఉన్న ఇంట్లో అది ఉండకూడదనీ ఆ చట్టం. దానికి వ్యతిరేకంగా తుపాకీ యజమానుల సంఘం తరఫున ఈయన నిలబడతాడు. అందరి ముందూ ఈ పెట్టెను తీగతో తెరిచి, 'ఇదిగో మీ తాళం' అని చూపిస్తాడు.

ఆయన తమ్ముడు ఆయన తుపాకీతోనే కట్టుకున్నదాన్ని కాల్చి ఇంకా నెల తిరగలేదు.

"ఎప్పట్నుంచి కనబడ్డం లేదు?" పెద్దకోడలు అడిగింది.

"ఏమో. నాకేం గుర్తు?"

ఆ ఇంట్లో తాళంచెవి పోవడం చిన్న సంగతి కాదు. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో గోడ నిండా తాళంచెవులే. 'రోజంతా వెయ్యి తాళంచెవులతో ఏగుతాను, ఇంటికొచ్చాకైనా ఒక్కదానితో బతకనివ్వండి' అంటూ పెళ్ళయిన కొత్తలోనే ఆయన ఇంట్లో అన్ని తాళాలకీ ఒకటే తాళంచెవి చేసేశాడు. వీధి తలుపు, బట్టల బీరువా, చక్కెర అలమర, కాగితాల సొరుగు. ఇంట్లో ముగ్గురికీ తలా ఒకటి. చుట్టాలొస్తే అదో వేళాకోళం. 'మీ ఇంట్లో చక్కెరకి పోతే నగలు కూడా చేతికొస్తాయి' అనేవారు.

కాగితాల సొరుగులోనే తుపాకీ ఉండేది.

"అత్తయ్యా, ఎప్పట్నుంచి కనబడ్డం లేదు?"

బల్ల దగ్గర చప్పుడు ఆగింది. "పొద్దున్నే ఆవిణ్ణి నిలదీస్తావేం? నీది ఇచ్చేస్తే పోలా?" అన్నాడు తాళాలాయన.

"నిలదీయనీరా. ఈ కొంపలో అందరూ అయిపోయారు, ఇంక నేనే మిగిలాను. చక్కెర లేకుండానే తాగుతాలే. చచ్చిపోను."

"చిన్నాడికిచ్చారు కదూ?"

పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగాయి. ఎవరూ కదల్లేదు. నీళ్ళు మంట మీద పడి చుయ్‌మన్నాక అత్తగారు వెనక్కి తిరిగి పొయ్యి ఆపేసింది. వీపు ఇటు పెట్టే మాట్లాడింది.

"ఇస్తే? కన్నకొడుక్కి ఇంటి తాళంచెవి ఇవ్వడం కూడా నేరమేనా? ఆ పిల్లతో గొడవపడి, మధ్యాహ్నం పూట ఆకలికి మాడుతూ వచ్చి మెట్ల మీద కూచునేవాడు. మీరిద్దరూ కింద బేరాల్లో ఉంటారు. ప్రతిసారీ మోకాళ్ళు పట్టుకుని లేవలేక ఇచ్చాను. తలుపు తీసుకుని వచ్చి తినరా అని ఇచ్చాను. సొరుగు తియ్యమని ఇచ్చానా?"

"రెంటికీ ఒకటే తాళంచెవి అత్తయ్యా."

ఆవిడకది తెలియక కాదు. ఇన్నేళ్ళుగా ఆ తాళంచెవితోనే చక్కెర తీసింది, చీరలు తీసింది, కరెంటు కాగితాలు తీసింది. తెలిసిన సంగతి అవసరం పడిన రోజున ఎందుకు గుర్తు రాదో పెద్దకోడలికి అర్థమైంది. ఆమెకు మాత్రం గుర్తొచ్చిందా? టేపుచుట్ట కోసం సొరుగు తెరిచినప్పుడల్లా తుపాకీని పక్కకి జరిపేది. మొదట్లో వేలికొసలతో జరిపేది, భయంగా. తర్వాత్తర్వాత గరిటెను జరిపినట్టు జరిపేది. భయం ఏ రోజున పోయిందో చూసుకోలేదు. అది పోయిన రోజే ఆ ఇంట్లో ఏదో తెరుచుకుంది.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "సొరుగు పగలగొట్టి తీశాడని కదా మీరు స్టేషన్లో చెప్పింది?"

"పగిలే ఉందిగా. చూళ్ళేదా?"

"చూశాను. ఆ గాటు ఎవరు పెట్టారు?"

తాళాలాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు కోపమొచ్చినా సిగ్గేసినా ముందు చెవులే చెప్తాయి. ఆ గాటు చూసిన రోజే ఆమెకు అనుమానం తగిలింది. అంచు మీద శుభ్రంగా, పక్కన గీత కూడా పడకుండా స్క్రూడ్రైవర్ దించిన గాటు అది. కోపంతో ఊగిపోయేవాడి చెయ్యి అంత పొందిగ్గా ఉండదు. కానీ అప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి, అన్నం వండాలి, అత్తగారికి మందు వెయ్యాలి. అనుమానాన్ని మనసులో ఎక్కడో వేసి మూసేసింది.

"పెట్టాను. నేనే పెట్టాను," అన్నాడాయన. "ఊరందరికీ తాళాలు బిగించేవాణ్ణి. నా ఇంట్లో తుపాకీ సొరుగూ, చక్కెర అలమరా ఒకే తాళంచెవికి తెరుచుకుంటాయని తెలిస్తే నా మొహాన ఉమ్మరా?"

"అందుకని తమ్ముడి మీద ఇంకో నేరం అంటగట్టారు."

"వాడికొచ్చిన నష్టమేంటి? ఎలా తీసినా తీసేవాడే. వాడికి పని నేర్పింది నేను. తాళం కనిపిస్తే తియ్యకుండా ఉండలేడు. నేనూ అంతే. మా ఇద్దరి చేతి జబ్బు అది. ఒక్క మాట విను. ఏ తాళమూ ఎవణ్ణీ ఆపదు. కాస్త ఆలస్యం చేస్తుంది, అంతే. రేపు హాల్లో అదే చెప్తాను."

"ఆ ఆలస్యమే కావాలండీ!"

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అయినా ఆపలేదు.

"కోపం ఎంతసేపుంటుంది మనిషికి? మీ తమ్ముడికి పొంగడం తెలుసు, చల్లారడమూ తెలుసు. చిన్నప్పుడు కంచం విసిరేసి కాసేపటికి వాడే ఏరుకునేవాడని మీరే చెప్తారు. ఆ రోజు సొరుగు ముందు చతికిలబడి తీగతో కెలుక్కోవలసి వస్తే, చెయ్యి వణికి తీగ జారేదేమో. ఏడుపొచ్చేదేమో. లోపల నిద్రపోతున్న అత్తయ్య లేచి, ఏం చేస్తున్నావురా అని అడిగేదేమో."

అత్తగారి చేతిలో గ్లాసు గట్టు మీద గట్టిగా పడింది.

"బతుకంతా జనానికి ఆలస్యాన్నే అమ్మారు మీరు. దొంగొస్తే కాసేపు, కుర్రాళ్ళొస్తే కాసేపు. అది కొనుక్కునే జనం నిద్రపోతున్నారు. మీ ఇంట్లోకి మాత్రం కాస్తంత తెచ్చుకోలేదు. తాళం మీద నమ్మకం లేదు గనక తుపాకీ కొన్నారు. దుకాణంలో దొంగ పడితే, కొత్త తాళం బిగించుకోవడానికి బదులు దాన్ని కొన్నారు. ఈ వీధిలో మీ అంత భయస్థుడు లేడు!"

తాళాలాయన లేచి నిలబడ్డాడు. స్టీలు పెట్టెను చంకలో పెట్టుకున్నాడు. ఆ మాట ఆయనకు ఎక్కడో లోతుగా దిగిందని ఆమెకు తెలిసింది. అలా దిగినప్పుడు ఆయన గొంతు తగ్గిస్తాడు.

"ఉపన్యాసం రేపు హాల్లో ఇద్దువుగాని. మధ్యాహ్నం కోర్టుకెళ్ళి చిన్నాడికి పూచీ సంతకం పెట్టాలి. రేపు వదులుతారట. అట్నుంచి స్టేషన్‌కి వెళ్ళి నాది నేను తెచ్చుకుంటాను."

"మీదేది?"

"తుపాకీ. ఇచ్చేస్తామని కబురు పెట్టారు."

"చిన్నాడు ఎక్కడికొస్తాడు?"

"ఎక్కడికేంటి? ఇంటికి."

అత్తగారి మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి పెద్దకోడలికి ఒళ్ళు మండింది. మండుతున్న కొద్దీ ఆ మొహం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

*

"మీ మీద కేసేం లేదమ్మా. ధైర్యంగా ఉండండి," అన్నాడు స్టేషన్లో ఆఫీసరు.

"ఎందుకు లేదు?"

ఆయన తల ఎత్తాడు. బల్ల మీద సగం తిన్న రొట్టె ముక్క, దాని కింద కాగితాలు. కేసెందుకు లేదని అడిగే మనుషులు ఆయనకు అలవాటు లేదు. ఆమె మొగుడి కంటే ముందే వచ్చింది. ఆయన ఇంకా కోర్టు దగ్గరే ఉండి ఉంటాడు.

"సొరుగు పగలగొట్టలేదండీ. మా ఇంటి తాళంచెవితోనే తీశాడు. అది మా ఇంట్లోవాళ్ళే ఇచ్చారు. గాటు తర్వాత పెట్టింది. రాసుకోండి."

"రాసుకోవడానికేముందమ్మా? పగలగొట్టినా, తాళంచెవితో తీసినా, మీరే బల్ల మీద బార్లా పెట్టి సినిమాకి వెళ్ళినా చట్టానికి ఒకటే. తుపాకీ కొనడానికి కాగితం కావాలి. కొన్నాక ఎక్కడ పెట్టుకోవాలో చట్టంలో లేదు."

"కుక్క మెడకి పట్టీ లేకపోతే జరిమానా వేస్తారుగా?"

"అది వేరే చట్టం."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే వేరే చట్టం. అందుకే ఆమెకు ఇంకా మండింది. వెటకారమైతే తిరిగి ఓ మాట అనొచ్చు.

"మీ మరిది తప్పు ఒప్పుకున్నాడు," ఆఫీసరు రొట్టె పక్కకి జరిపాడు. "పెనుగులాటలో చెయ్యి తగిలి పేలిందని రాసుకున్నారు. జైలు లేదు. ఇంటిపట్టున ఉండి వారం వారం వచ్చి సంతకం పెట్టాలి. కేసు మూసినట్టే, సాక్ష్యంతో ఇక పని లేదు. యజమానిది యజమానికి ఇవ్వకుండా అట్టిపెట్టుకునే అధికారం నాకు లేదు."

"అతను ఉండబోయేది మా ఇంట్లో."

"తెలుసు. చిరునామా రాసే ఉంది."

"తుపాకీ వచ్చేది కూడా మా ఇంటికే."

"అదీ తెలుసు."

"మరి?"

"అతని దగ్గర తుపాకీ ఉండకూడదు, అది షరతు. మీ ఆయన దగ్గర ఉండొచ్చు, అది హక్కు. రెండూ వేరు వేరు ఫైళ్ళమ్మా."

"ఇల్లు ఒకటే కదండీ!"

పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్నవాడు చెయ్యి ఆపి చూశాడు. ఆఫీసరు కళ్ళు నలుపుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఇంటికెళ్తే ఆయనకూ పెళ్ళాం పిల్లలు ఉండి ఉంటారు. మంచివాళ్ళందరూ వరసగా తలా ఓ కాగితం మీద సంతకం పెడతారు, ఆ కాగితాలన్నీ కలిసి ఒక ఆడమనిషి ఒంట్లోకి దూసుకుపోతాయి, ఎవరి చేతికీ మరక అంటదు. మీ మీద కేసేం లేదు అని ఆయన అన్నప్పుడు ఆమెకు ఊరట కలగాలి. కలగలేదు. తన నుంచి ఏదో లాగేసుకున్నట్టు అనిపించింది.

"తూటాలు విడిగా సంచిలో కట్టి ఇస్తాం," అన్నాడాయన, ఆమెను ఓదార్చాలని. "జాగ్రత్త కోసం."

"ఆ సంచి ఎవరికిస్తారు?"

"ఆయనకే."

ఆమె నవ్వింది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది.

"రేపు ఆ సభకి వెళ్ళండమ్మా," ఆఫీసరు గొంతు తగ్గించాడు. "ఆ చట్టం వస్తే నేను ఇవ్వనక్కర్లేదు."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తే కదా." ఆయన మళ్ళీ కాగితాల్లోకి వంగాడు. "అన్నట్టు, మీ ఆయన సంతకాలు త్వరగా అయిపోతే మీ మరిదిని ఈ సాయంత్రమే వదిలినా వదుల్తారు. రేపటిదాకా అని నమ్మకం పెట్టుకోకండి."

*

మరిది పెళ్ళాం జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. అందరూ కత్తెరమ్మ అంటారు. ఆస్పత్రి మంచం మీద దిండుకి చేరగిలబడి, తూటా దెబ్బ తిన్న కుడిచేతిలో రబ్బరు బంతిని నొక్కుతోంది. నాలుగు వేళ్ళు ముడుచుకుంటున్నాయి. బొటనవేలు మాత్రం తనకేం సంబంధం లేనట్టు పక్కకి పడి ఉంది.

"ఆ జుట్టేంటక్కా, ఎలకలు కొరికినట్టు? కూర్చో. నిన్ను చూస్తే చెయ్యి దురద పెడుతోంది." బంతి కేసి చూసుకుంది. "ఆ దురదొక్కటే తెలుస్తోందిలే."

పెద్దకోడలు మంచం అంచున కూర్చుంది. నవ్వబోయింది గానీ మొహం సాయం చెయ్యలేదు.

"వాడు బయటికొస్తున్నాడట. నర్సులు చెప్పుకుంటున్నారు. ఎక్కడుంటాడు?"

"మా ఇంట్లోనే."

"మంచిదే. వదిన చేతి ముద్ద తింటే మనిషవుతాడేమో. నేను పెడితే అవ్వలేదు."

ఆ దెప్పుడు ఆమె కిమ్మనకుండా పడింది. కత్తెరమ్మకు ఇంకా చాలా అనే హక్కుంది.

"వాడి చెయ్యి నా చేతికంటే ఎక్కువ వణికిందక్కా," కత్తెరమ్మ బంతిని చూస్తూనే అంది. "దుకాణంలో కుర్చీలో మనిషి ఉన్నాడు, సగం తల కత్తిరించాను. వీడొచ్చి నిలబడ్డాడు. ఎత్తాడు. మధ్యలో ఓసారి దించాడు కూడా. ఆ దించినప్పుడు చూశాను, మొహంలో నీరసం వచ్చేసింది. ఇంటికెళ్ళి పడుకునేవాడే. కానీ అది చేతిలో ఉంది కదా. చేతిలో ఉన్నదాన్ని ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ ఎత్తాడు."

బంతి జారి దుప్పటి మీద పడింది. పెద్దకోడలు తీసి ఇవ్వబోయింది.

"వద్దు. నేను తీసుకుంటా." ఎడమచేత్తో తీసి కుడిచేతిలో పెట్టుకుంది. "నాకు జాలి అక్కర్లేదు. పళ్ళు తెస్తావని కూడా చూడ్డం లేదు. ఒక్కటి చెప్పు. అది ఆ ఇంట్లోకి మళ్ళీ వస్తుందా, రాదా?"

"రాదు."

మనసు ఒప్పుకోకముందే నోరు అనేసింది. బయటికొచ్చి మెట్లు దిగుతూ అనుకుంది. ఇంట్లో తన మాట ఎప్పుడు చెల్లింది గనక?

*

దుకాణం మూసి ఉంది. తాళాలాయన ఇంకా రాలేదు. ఆమె లోపలికెళ్ళి కావలసినవి ఏరుకుని, పైకొచ్చి వీధి తలుపు తాళం ఊడదీసింది. గుమ్మంలోనే చతికిలబడి, లోపలి పిన్నులు ఒళ్ళోకి రాల్చుకుంది. గింజల్లాంటి ఇత్తడి ముక్కలు. ఈ పని ఆమె ఎంతమంది ఇళ్ళకో చేసింది. విడాకులైన ఆడవాళ్ళకి, పనివాణ్ణి మాన్పించినవాళ్ళకి, కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకి. వాళ్ళందరి ఇళ్ళకీ చేసింది.

"ఏం చేస్తున్నావే?" అత్తగారు వెనక నిలబడింది.

"తాళం మారుస్తున్నా."

"ఎవరు రాకూడదని? నా కొడుకులిద్దర్నీ వీధిలో పెడతావా?"

"చిన్నాణ్ణి రానీండి అత్తయ్యా. అది రాకూడదు. అది వస్తే చిన్నాడు రాకూడదు. రెండిట్లో ఒకటే. మీకేది కావాలో మీరే చెప్పండి."

"ఏం మాటలే అవి! వాడిది ఒట్టి కోపం. మనసు వెన్న."

"ఆ వెన్న మనసే ఆ పిల్ల బొటనవేలు పనికిరాకుండా చేసింది."

అత్తగారు కొట్టబోయినట్టు చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగి, తలుపు రెక్కను పట్టుకుంది. తర్వాత ఆవిడ మెల్లగా, ఒక్కో కీలూ మడుచుకుంటూ, కోడలి పక్కన నేల మీద కూర్చుంది. ఆ మోకాళ్ళతో ఆవిడ నేల మీద కూర్చోవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు.

"పొద్దున్న నువ్వన్నావు. అత్తయ్య లేచి అడిగేదేమో అని."

"అవును."

"ఆ రోజు నేను నిద్రపోలేదు."

పెద్దకోడలి వేళ్ళ మధ్య ఇత్తడి ముక్క ఆగిపోయింది.

"మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. వాడి అడుగు నాకు తెలీదూ? మంచం మీదే ఉన్నాను. సొరుగు చప్పుడైంది. లేచి గుమ్మందాకా వచ్చాను. వాడి చేతిలో అది ఉంది. నన్ను చూసి, 'పడుకో అమ్మా' అన్నాడు. మెత్తగానే అన్నాడు. చిన్నప్పుడు నేను వాడితో అన్నట్టే." ఆవిడ పెదాలు తడుపుకుంది. "నేను వెళ్ళి పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నేను కన్నవాణ్ణి చూసి నాకు భయమేసిందే. కొడుకుని చూసి కాదు, చేతిలో దాన్ని చూసి. అది లేకపోతే చెంప పగలగొట్టేదాన్ని. ఒట్టి చేతులతో ఉన్నవాణ్ణి చూసి నేనెప్పుడూ భయపడలేదు."

ఏం అనాలి? కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న ముడతల చెయ్యి ఒళ్ళోంచి రాలిన పిన్ను కోసం నేల మీద తడుముతోంది. ఏరి, కోడలి అరచేతిలో పెట్టింది.

"కానియ్యి," అంది.

*

వీధి దీపాలు వెలగకముందే తాళాలాయన మెట్లెక్కాడు. లోపలి నుంచి ఇద్దరూ విన్నారు. బరువైన అడుగు. చంకలో పెట్టె మెట్ల పక్క చువ్వలకు తగిలిన చప్పుడు.

తాళంచెవి లోపలికెళ్ళింది. తిరగలేదు. బయటికొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఆయన తాళంలోకి ఊదాడు, దుమ్మేమో అని. మళ్ళీ పెట్టాడు.

ఊరందరి తాళాలూ తెలిసినవాడికి సంగతి అర్థం కావడానికి ఎంతసేపు కావాలి?

"ఎవరు మార్చారు?"

"నేనే," అంది పెద్దకోడలు, తలుపుకి ఇటుపక్క నుంచి. "అది ఎక్కడైనా వదిలి రండి. మీకు అన్నం వడ్డిస్తాను."

"నా ఇంటికి నన్ను రావద్దంటావా? బుద్ధుందా నీకు?"

"మిమ్మల్ని అన్లేదు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. గిరాకీ ఎవడైనా 'ఈ తాళం ఎవడూ తియ్యలేడు' అని గొప్ప చెప్పుకున్నప్పుడు నవ్వే నవ్వు. తీగ లోపలికి దిగింది. పిన్నులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఆమె చేత్తో పేర్చిన పిన్నులు. ప్రతి చిన్న చప్పుడుకీ ఆమె పళ్ళ మీద గీరినట్టుంది. ఆలస్యం చేస్తుంది, అంతే. ఆయన చెప్పింది నిజం. అబద్ధమని ఎవరన్నారు?

తాళం తిరిగింది. తలుపు కదిలి, ఆగింది.

అత్తగారు లోపలి గడియ వేసింది. నిలబడి, రెండు చేతులతో, మోకాళ్ళ నొప్పికి మొహం ముడుచుకుని వేసింది.

"గడియ తియ్యి!" ఆయన పెళ్ళాం మీద అరిచాడు.

"కోడలు వెయ్యలేదు. నేను వేశాను," అంది అత్తగారు.



"అమ్మా?"

అత్తగారు గడియ మీంచి చెయ్యి తియ్యలేదు.

"అమ్మా, అందరూ చూస్తున్నారు. తియ్యి."

"చూడనీ. ఇన్నాళ్ళూ ఎవరూ చూడకుండానే అయింది."

"రేపు చిన్నాడొస్తాడు. వాడికీ ఇలాగే వేస్తావా?"

"వాడి కోసమే వేశానురా."

పెద్దకోడలు తలుపుకి నుదురు ఆనించింది. "రేపు హాల్లో ఆ పెట్టె తెరవకండి. సొరుగు ఎలా తెరుచుకుందో చెప్పండి. చెప్తానని ఇప్పుడు అనండి, తీస్తాం."

చెక్కకి అటుపక్క ఆయన ఊపిరి వినిపిస్తోంది. చెప్తాను అన్న మాట ఆయన నోటిదాకా వచ్చిందేమో. వచ్చిందనే ఆమె నమ్మింది. కిందనుంచి ఎవరో, "ఏమయ్యా తాళాలాయనా, నీకే తాళం పడిందా?" అని అరిచి నవ్వారు.

ఆ నవ్వుతో అంతా విరిగింది. పెట్టె గుమ్మం ముందు ధడాలున పడింది. దాని మూత మీద తీగ ముక్క విసిరిన చప్పుడు.

"ఇదిగో. తుపాకీ, తూటాలు, రెండూ ఇందులోనే ఉన్నాయి. వీధిలో పెట్టుకోండి. ఊరేగించుకోండి. మీకంత తెలివుంటే మీరే కాపలా కాయండి!"

బరువైన అడుగులు మెట్లు దిగాయి. వీధిలోకి వెళ్ళి, అందులో కలిసిపోయాయి.

ఇంట్లోకి రాదని ఆమె మాటిచ్చింది. రాలేదు. గుమ్మం బయట, ఎవరి కంట పడినా సరే అన్నట్టు పడి ఉంది. తలుపు తీస్తే లోపలికి తేవాలి. తియ్యకపోతే అక్కడ వదలాలి. మూడో దారి ఏదైనా చట్టంలో ఉందేమో, ఆ చట్టం ఇంకా రాలేదు.

"తియ్యనా?" అంది అత్తగారు, గడియ మీద చెయ్యి వేసి.

అప్పుడు మెట్ల మీద మళ్ళీ అడుగులు. బరువైనవి కావు. రెండేసి మెట్లు ఎక్కుతున్న అడుగులు.

అత్తగారి మొహంలో రక్తం లేదు.

"అమ్మా! వదినా!" ఆ గొంతులో సంతోషం ఉంది, అలసట ఉంది. "ఇవాళే వదిలేశారు. తలుపు తీయండి."

ఇద్దరూ పలకలేదు.

"ఎవరూ లేరా?" ఇనుము నేల మీద గీసుకున్న చప్పుడు. "ఈ పెట్టెవరిది? అన్నయ్యదిలా ఉందే."

పెద్దకోడలి చెయ్యి గడియ మీదకెళ్ళింది. అక్కడ అత్తగారి చెయ్యి ఉంది. ఆ చెయ్యి గడియను లాగుతోందో, అదిమి పట్టుకుందో ఆమెకు తెలియలేదు.

బయట టక్‌మంది.